తాడుకు కూడా ఒక సిక్ లైన్ కావాలి



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో సగంలో ఆగిపోయిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాం. ఆ రోజు గొంతులు పెరిగినాయి, కాఫీలు చల్లారినాయి, తీర్మానం వాయిదా పడింది. వాయిదా పడినందుకు మాకు సంతోషమే. అయిదు నిమిషాల్లో చేతులెత్తి తేల్చే విషయం కాదిది. మన పిల్లకాయల ప్రాణాలకు సంబంధించిన విషయం. కొంచెం పొడుగుగా రాస్తున్నాం, ఓపికగా చదవండి.

సమావేశానికి రాలేనివాళ్ల కోసం సంగతి చెబుతాం. మన యువజన విభాగంలో పదకొండు మంది, అందులో నలుగురు ఆడపిల్లలు, రామనగరం బండల మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటామని అడిగినారు. అది బాగా వస్తే వచ్చే ఏడాది హిమాలయాల్లో బేసిక్ కోర్సుకు పోతామంటున్నారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండానే, ఖమ్మం జిల్లా పిల్లోడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్లు మొదట పాఠాలు నేర్చుకున్నది మంచు మీద కాదు, భువనగిరి బండ మీద. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కినాడు. ఈ పేర్లు మన పిల్లల నోట వింటే మాకు గర్వంగానే ఉంది. పోవద్దని మేము అనలేదు, అనము కూడా.

గొడవంతా సామాను గురించి. ఒక పక్షం పెద్దవాళ్లు, "బెంగళూరులో తెలిసినవాళ్లు పాత తాళ్లు, హార్నెస్‌లు ఊరికే ఇస్తామంటున్నారు. వద్దంటే అవి చెత్తలో పడతాయి. తీసుకుంటే దుడ్లూ మిగులుతాయి, భూమికీ మంచిది" అన్నారు. ఇంకో పక్షం కుర్రవాళ్లు, "పాతది వద్దే వద్దు. ఒక్కొక్కరికీ ఒక కొత్త సెట్ కొనండి. ప్రాణం కంటే దుడ్లు జాస్తా?" అన్నారు.

రెండు పక్షాల మాటలోనూ న్యాయం ఉంది. అయినా రెండూ తప్పే అని మేము అనుకుంటున్నాం. ఎందుకు అనుకుంటున్నామో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మూడేళ్ల కిందటి ఉగాది. హాలు మిద్దె మీదికి నీళ్ల డ్రమ్ము ఎక్కించాల్సి వచ్చింది. స్టోరు రూములో మంచి నైలాన్ తాడు ఒకటి ఉందని అందరికీ తెలుసు. ఎవరో దానంగా ఇచ్చినది. రంగు పోలేదు, పోగు లేవలేదు, చూసేదానికి కొత్తదే. డ్రమ్ము సగం ఎత్తుకు పోయినాక ఆ తాడు పుటుక్కున తెగింది. డ్రమ్ము వచ్చి పడిన తావులో అంతకు నిమిషం ముందు ఒక పిల్లోడు నిలబడి ఉన్నాడు. బెల్లం పానకం పోస్తున్నారని ఎవరో పిలిస్తే పక్కకు పోయినాడు. అంతే. ఆ పిల్లోడు ఎవరో వాళ్ల అమ్మానాన్నలకు తెలుసు, పేరు రాయము.

ఆ తాడు రెండేళ్లు ఎక్కడ ఉన్నదో తెలుసా? ఇన్వర్టర్ బ్యాటరీ వెనక, నేల మీద. బ్యాటరీ ఆమ్లం తగిలితే నైలాన్ లోపల లోపలే చచ్చిపోతుందని, పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చని తర్వాత చదివి తెలుసుకున్నాం. ఆమ్లం వల్లే తెగిందని మేము నిరూపించలేం. వేరే కారణమూ ఉండవచ్చు. ఎందుకు చెప్పలేకపోతున్నాం? ఆ తాడు ఎప్పటిదో, ఎక్కడ వాడినదో, ఏం మోసిందో ఎక్కడా రాసి లేదు కాబట్టి. స్టోరు రిజిస్టరులో ఉన్నది ఒక్కటే లైను: "తాడు - 1, బాగున్నది." ఆ చేతిరాత మాదే. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో రిజిస్టర్లు రాసిన చేయి రాసిన లైను అది.

రైల్వేలో పనిచేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. మీరు ఎక్కే ప్రతి పెట్టె ఒంటి మీద, ప్రతి గూడ్సు వ్యాగన్ ఒంటి మీద, ఏ వర్క్‌షాపులో ఎప్పుడు పూర్తిగా విప్పి బాగుచేసినారో, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాసి ఉంటుంది. పీఓహెచ్ అంటారు. వ్యాగన్‌లో లోపం కనిపిస్తే దానికి "సిక్" అని లేబుల్ పడుతుంది. సిక్ పడిన వ్యాగన్‌ను సిక్ లైనుకు తోస్తారు. బాగయితే మళ్లీ రైలుకు తగిలిస్తారు. కాకపోతే కండెమ్. చూసేదానికి బాగుంది కదా అని ఎవరూ తగిలించరు. "చూసేదానికి బాగుంది" అనే మాటకు రైల్వేలో విలువ లేదు. మన స్టోరు రూములో మాత్రం మేమే దానికి విలువ ఇచ్చినాం.

కొండ ఎక్కే సామానుకూ ఇదే లెక్క అని పిల్లలు తెచ్చి చూపించిన పుస్తకాలు చదివితే తెలిసింది. యూఐఏఏ అని ఒక సంస్థ ఉంది. ప్రపంచంలోని పర్వతారోహణ సంఘాల సమాఖ్య అది, 1932లో ఫ్రాన్సులోని షామొనీలో పుట్టింది. తాళ్లకు ప్రమాణం పెట్టింది 1960లో. ఇప్పుడు ఒక్క తాడు మీద ఎక్కేదానికి అమ్మే తాడు ఆ పరీక్షలో 80 కిలోల బరువును కనీసం 5 సార్లు కింద పడేసినా తెగకుండా నిలవాలి. నిలవడం ఒక్కటే చాలదు, సాగాలి కూడా. సాగకపోతే తాడు నిలిచినా పడినవాడి నడుము విరుగుతుంది. అందుకే మనిషి పడితే ఆపే తాడు వేరు, బరువు లాగేదానికో కిందికి దిగేదానికో వాడే సాగని తాడు వేరు. రెండూ పక్కపక్కన పెడితే మన కంటికి తేడా తెలియదు. ఊరికే వచ్చిన తాడుకు లేబుల్ ఊడిపోయి ఉంటే, అది ఏ జాతి తాడో చెప్పేవాళ్లు ఉండరు.

కారబైనర్ అని లోహపు కొక్కెం ఉంటుంది, తలుపు తెరుచుకొని మూసుకునేది. దాని ఒంటి మీద అంకెలు చెక్కి ఉంటాయి. పొడుగునా కనీసం 20 కిలోన్యూటన్లు అంటే సుమారు రెండు టన్నుల లాగుడు ఓర్చుకోవాలి. అదే కొక్కెం తలుపు తెరుచుకొని ఉంటే 7 కిలోన్యూటన్లు ఓర్చుకుంటే చాలునని ప్రమాణం. అంటే మూడో వంతు. అందుకే తలుపు స్ప్రింగు సరిగ్గా మూసుకుంటుందా లేదా అని ప్రతిసారీ చూడాలి. లోహానికి ఆయుష్షు ఇన్నేళ్లని చాలా కంపెనీలు గీత గీయవు. అరుగుదల, పగులు, స్ప్రింగు చూసి వాడుకోమంటాయి. తాడు, హార్నెస్, స్లింగ్ లాంటి నేత సామానుకు మాత్రం గీత ఉంది. ఒక్కసారి కూడా వాడకుండా బీరువాలో పెట్టినా, తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటితే తీసేయమని చాలామంది తయారీదారులు చెబుతారు. బాగా వాడితే అంతకు చాలా ముందే. పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్, పెద్ద పడుడు ఓర్చిన తాడు అప్పటికప్పుడే పక్కకు పోవాలి.

పాత తాడు ఏం చేస్తుందో 1865లోనే లోకం చూసింది. ఆ ఏడు జులై 14న ఎడ్వర్డ్ వింపర్ జట్టు ఏడుగురు స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కినారు. దిగేటప్పుడు అనుభవం లేని కుర్రవాడు ఒకడు జారి ముందున్నవాడి మీద పడినాడు. వాళ్ల బరువుకు ఇంకో ఇద్దరు లాక్కుపోబడినారు. ఆ నలుగురికీ, పైనున్న ముగ్గురికీ నడుమ తాడు తెగింది. నలుగురూ పోయినారు. వాళ్ల దగ్గర మూడు రకాల తాళ్లు ఉన్నాయి. తెగినది అన్నిటికంటే పాతది, అన్నిటికంటే బలహీనమైనది. గట్టి తాడు లేక కాదు, ఉండి కూడా పొరపాటున అది ఆ తావులో పడింది. ఆ తెగిన ముక్కను జెర్మాట్ ఊరి మ్యూజియంలో ఇంకా పెట్టి ఉన్నారు. గట్టి తాడు నిలిచి ఉంటే ఏడుగురూ బతికేవాళ్లో, ఏడుగురూ పోయేవాళ్లో ఎవరూ చెప్పలేరు. కానీ ఏ తాడు ఎక్కడ కట్టాలో ఎంచే అదృష్టం వాళ్లకు ఉండింది, దాన్ని జారవిడుచుకున్నారు.

అందుకే పెద్దవాళ్లకు మా జవాబు: చరిత్ర తెలియని తాడును ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. దానిని మనం వాడితే భూమికి మంచిది అనే మాట బాగుంది. కానీ పిల్లోడు పడితే ఆ మాట తాడై పట్టుకోదు.

ఇప్పుడు కుర్రవాళ్ల మాటకు వస్తాం. ఒక్కొక్కరికీ ఒక్కొక్క కొత్త సెట్ అన్నారు. నాయనలారా, పదకొండు మందిలో రెండో ఏడు కూడా బండ ఎక్కేవాళ్లు ఎంతమంది మిగులుతారు? మన సంఘంలో కొన్న క్రికెట్ ప్యాడ్లు, కోలాటం బట్టలు అటక మీద ఎట్లా పడి ఉన్నాయో మీకూ తెలుసు. ఒకసారి వాడి అటకెక్కిన హార్నెస్ కంటే పెద్ద దుబారా లేదు. తాడు, హార్నెస్ రెండూ నైలానో, పాలిస్టరో. పెట్రోలియం నుంచి పుట్టినవి. మట్టిలో వేస్తే మన మునిమనవళ్ల కాలానికీ కుళ్లవు.

ఈ సంగతి ఎక్కడిదాకా పోయిందో చూడండి. 2019లో శాస్త్రవేత్తలు ఎవరెస్ట్ మీద మంచు సేకరించి పరీక్ష చేస్తే, శిఖరానికి కొంచెం కిందనే, 8,440 మీటర్ల ఎత్తులో కూడా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు దొరికినాయి. ఎక్కువ పాలిస్టరు. ఎక్కేవాళ్ల బట్టలు, గుడారాలు, తాళ్ల నుంచి రాలినవే అయి ఉంటాయని వాళ్లు 2020లో రాసినారు. వాన తడవకుండా జాకెట్లకు, కొన్ని తాళ్లకు పూసే ఫ్లోరిన్ రసాయనాలది ఇంకో కథ. పీఫాస్ అంటారు, ఒకసారి మట్టిలోకి, నీళ్లలోకి పోతే విరగవు. కొన్ని మినహాయింపులతో ఫ్రాన్స్ 2026 జనవరి 1 నుంచి బట్టల్లో వాటిని నిషేధించింది. మన పిల్లలు ఎక్కబోయేది ఎండకు కాగే రామనగరం రాయి. అక్కడ నీళ్లంటని పూత తాడుకు ఎందుకు? పూత లేని తాడు చాలు, వెల కూడా తక్కువ. హిమాలయాలకు పోయినప్పుడు అక్కడి శిక్షణ సంస్థవాళ్లు తగినది చెబుతారు.

పచ్చ ఆకు బొమ్మ వేసిన సామాను కొనేస్తే పని అయిపోతుందా అని కూడా అడిగినారు. బొమ్మ పరీక్ష కాదు. జర్మనీలో ఎడెల్‌రిడ్ అనే కంపెనీ పాత తాళ్ల నుంచి తీసిన పదార్థం సగం కలిపి కొత్త తాడు తయారు చేసింది. మంచి పనే. కానీ దాన్నీ మామూలు తాడుకు పెట్టే పరీక్ష పాసైంది కాబట్టే కొనాలి, ఆకు బొమ్మ ఉందని కాదు. పర్యావరణం పేరు చెప్పి ప్రమాణంలో ఒక్క అంగుళం తగ్గించే హక్కు ఎవరికీ లేదు.

మరి మా మాట ఏమిటి? సామాను సంఘానిది కావాలి, ఒక్కొక్కరిది కాదు. పదకొండు మందికి పదకొండు సెట్లు అక్కరలేదు. ఎక్కేవాడు ఒకడు, కింద తాడు పట్టేవాడు ఒకడు, మిగతావాళ్లు చూస్తూ నేర్చుకుంటారు. రెండు తాళ్లు, నాలుగైదు హార్నెస్‌లు చాలునేమో, శిక్షకుణ్ణి అడిగి లెక్క తేలుద్దాం. హెల్మెట్లు మాత్రం అక్కడ నిలబడే ప్రతి ఒక్కరికీ కావాలి, కింద ఉన్నవాళ్ల నెత్తి మీదే రాళ్లు పడతాయి. అన్నీ కొత్తవి, లేబుల్ ఉన్నవి, బిల్లుతో కొనాలి. ఆ తర్వాత ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక పేజీ.

ఆ పేజీలో ఏం ఉండాలి?

1. తయారైన నెల, ఏడు. కొన్న తేదీ. మొదటిసారి వాడిన తేదీ.
2. ప్రతిసారీ ఎవరు తీసుకుపోయినారు, ఎక్కడ, ఎన్ని రోజులు.
3. పెద్ద పడుడు ఏదైనా జరిగిందా. రాయి పడిందా. ఏ రసాయనమైనా తగిలిందా. దాచకుండా చెప్పినవాణ్ణి తిట్టకూడదు. తిడితే వచ్చేసారి ఎవరూ చెప్పరు.
4. తిరిగి వచ్చినాక తాడును మూర మూర వేళ్లతో తడిమి చూసినవాళ్ల సంతకం. మెత్తబడిందా, గట్టిపడిందా, తొడుగు చిరిగి లోపలి పోగు కనిపిస్తోందా.
5. తీసేయాల్సిన ఆఖరు తేదీ.

అనుమానం వస్తే ఆ వస్తువుకు ఎర్ర గుడ్డ కట్టి వేరే అల్మారాలో పెట్టాలి. అది మన సిక్ లైను. తెలిసిన శిక్షకుడు చూసి సంతకం పెట్టేదాకా అది బయటికి రాకూడదు. ఆ అల్మారా ఇన్వర్టర్‌కు దూరంగా, ఎండ తగలని తావులో ఉండాలి.

కండెమ్ అయిన తాడును ఏం చేయాలి? పారేయవద్దు, అట్లని పూర్తిగా అట్టే పెట్టుకోనూ వద్దు. అదే రోజు ఇద్దరి ముందు రెండు రెండు మీటర్ల ముక్కలుగా కోసేయాలి. పొడుగు తాడు కనిపిస్తే ఎవడో ఒకడు ఎక్కేస్తాడు. ముక్కలు బట్టలు ఆరేసుకునేదానికి, మూటలు కట్టేదానికి, కాళ్లు తుడుచుకునే పట్టలు అల్లేదానికి ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తాయి. మన అక్కలు పాత చీరలతో అల్లే పట్టలకంటే గట్టిగా ఉంటాయి.

ఇది గుమాస్తా చాదస్తం అని సమావేశంలో ఒకాయన నవ్వినారు. నవ్వనీ. లెక్క లేకపోతే ఏమవుతుందో ఎవరెస్ట్ చూపిస్తోంది. నేపాల్ ప్రభుత్వం 2014లో ఒక నియమం పెట్టింది. ఆ నియమం ప్రకారం ఎక్కిన ప్రతి మనిషీ 8 కిలోల చెత్త కిందికి తేవాల్సి ఉండింది, లేకపోతే జట్టు కట్టిన 4,000 డాలర్ల డిపాజిట్ పోయేది. మంచి ఉద్దేశమే. కానీ 8 కిలోలు అంటే ఏ 8 కిలోలైనా సరిపోయేది. కింది క్యాంపులో సులువుగా దొరికేది తూకానికి వచ్చేది, పై క్యాంపులో చిరిగిన గుడారం, పాత తాడు మంచులోనే ఉండిపోయేవి. పార్సిల్ ఆఫీసులో మేము కిలోలు మాత్రం చూసి సరుకు అప్పగించింది లేదు. ఎన్ని మూటలు ఎక్కినాయో అన్ని మూటలు దిగాలి, ప్రతి మూట మీద గుర్తు ఉండాలి.

మన పక్కనే మంచి పద్ధతి ఉంది. కోయంబత్తూరు దగ్గర వెళ్లియంగిరి ఏడు కొండలు ఎక్కేవాళ్ల సంచులు అడివి శాఖవాళ్లు కిందనే చూస్తారు. నీళ్ల బాటిల్‌కు స్టిక్కరు అంటించి డిపాజిట్ తీసుకుంటారు, అదే బాటిల్ తిరిగి తెస్తే దుడ్లు తిరిగి ఇస్తారు. నీలగిరిలో 2022 నుంచి సారాయి సీసాకు 10 రూపాయలు జాస్తి తీసుకొని ఖాళీ సీసా తెచ్చినవాళ్లకు వాపసు ఇస్తున్నారు. రెండింటిలోనూ లెక్క తూకానికి కాదు, వస్తువుకు. మన సామానుకూ అంతే చేద్దాం. తీసుకుపోయేటప్పుడు చిన్న డిపాజిట్, అన్ని నంబర్లూ తిరిగి వచ్చి పేజీ నిండితే వాపసు. సామాను తెచ్చి పేజీ నింపకపోతే వాపసు లేదు.

ఇంకొక చిన్న గొడవ మిగిలింది. రిజిస్టరు తెలుగులోనా, తమిళంలోనా? మన పిల్లల్లో సగం మందికి ఇంట్లో తెలుగు నోటికి వస్తుంది గానీ కంటికి రాదు. మేమూ తమిళ మీడియంలో చదివినవాళ్లమే, తెలుగు అక్షరాలు పెద్దయినాక దిద్దినవాళ్లమే. భాష మీద మాకు ఉన్న పిచ్చి మీకు తెలియనిది కాదు. అయినా ఈ ఒక్క పుస్తకంలో రెండు లిపులూ ఉండాలి. "వాడవద్దు" అనే మాట చదవలేక ఒక పిల్ల ఆ తాడు కట్టుకుంటే మన భాషాభిమానం ఎవరికి కావాలి? తెలుగు వరుస పైన, తమిళ వరుస కింద. అట్లా చదువుతూ నాలుగు తెలుగు అక్షరాలు అబ్బితే అది లాభం.

మా మాటంతా కలిపి చెబితే ఇంతే. భద్రత ఒక పక్క, పర్యావరణం ఇంకో పక్క అని మనం ఆదివారం రెండు జట్లుగా విడిపోయినాం. రెండింటినీ కాపాడేది ఒకే పుస్తకం. చరిత్ర రాసిన తాడును పది మంది నమ్మకంగా పంచుకోవచ్చు, దాని ఆయుష్షు పూర్తిగా వాడుకోవచ్చు, ఆయుష్షు తీరిన రోజు ధైర్యంగా కోసేయవచ్చు. చరిత్ర లేని తాడునైతే భయపడి ముందే పారేస్తాం, లేకపోతే తెగేదాకా వాడతాం.

వచ్చే ఆదివారం తీర్మానం మళ్లీ వస్తుంది. మూడు పనులు అడుగుతున్నాం: పాత సామాను దానం తీసుకోకూడదని, సంఘం పేరున కొత్తది తగినంతే కొనాలని, రిజిస్టరుకు ఇద్దరు బాధ్యులు ఉండాలని. ఆ ఇద్దరిలో ఒకరు ఆ పదకొండు మంది పిల్లల్లోనుంచే రావాలి. ఇంకొకరు దొరికేదాకా మేము రాస్తాం. "తాడు - 1, బాగున్నది" అని రాసిన పేజీని చించలేదు, కొత్త పుస్తకం మొదటి అట్టకు లోపల అంటిస్తాం.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి. ఫోను కూడా చేయవచ్చు, మధ్యాహ్నం నిద్ర సమయం తప్ప.